శల్గం ఆకు ఉడికిన నీళ్లు

చేవెళ్ల అంగడికి ఆ రోజు మేము వెళ్లింది పచ్చిమిరపకాయల కోసం. నా మోకాళ్లు నా మాట వినడం ఎప్పుడో మానేశాయి కాబట్టి, ఒక చేత కర్ర పట్టుకుని, ఇంకో చేత మనవరాలి భుజం పట్టుకుని, జాతరకొచ్చిన చిన్నపిల్లలా ప్రతి కుప్ప దగ్గరా ఆగుతూ నడుస్తున్నాను. మనవరాలు షారోను నా కూతురి బిడ్డ. పట్నంలో నర్సు చదువుతుంది. సెలవులొస్తే నా దగ్గరికి వచ్చి నన్ను దవాఖానలో రోగిలా చూసుకుంటుంది. ఒకచోట శల్గం గడ్డలు కుప్పపోసి ఉన్నాయి. తెల్లటి గడ్డలు, భుజాల దగ్గర ఊదారంగు. అమ్మే ఆమె ఒక్కో గడ్డ పట్టుకుని, కోడి మెడ తిప్పినట్టు తిప్పి, ఆకు తెంపి వెనక్కి విసిరేస్తోంది. వెనక ఆకు మోకాలెత్తున పడి ఉంది. నేను కర్రతో ఆ ఆకు వైపు చూపించి, అది కావాలన్నాను.

"ఆకా? ఆకేం జేస్తవవ్వా, మ్యాకలున్నయా ఇంట్ల?" అంది ఆమె.

"మ్యాకలు లేవు బిడ్డా. నాకే."

"మనుషులు తింటరా దీన్ని?"

"తిననోళ్లు తినరు," అన్నాను. ఆమె నవ్వి, చేతికందినంత ఆకు మా సంచిలో కుక్కింది. గడ్డలు వద్దంటే మాత్రం ఆమెకు నా తెలివి మీద నమ్మకం పోయింది. బస్సు ఎక్కాక షారోను ఆకు తీసి వాసన చూసి, ముల్లంగి ఆకులాగా ఉందే అంది. నేనూ వాసన చూశాను. అరవై ఏళ్లు దాటి ఉంటుంది ఆ ఆకును ముక్కు దగ్గర పెట్టుకుని. ముల్లంగి వాసనా కాదు, ఆవాకు వాసనా కాదు, రెండింటికీ పిన్నికూతురి లాంటి వాసన. దానితో పాటే మొయినాబాదు తొవ్వలోని బంగళా, ఆ బంగళా వెనక వంటిల్లు, వంటింటి మెట్ల మీద మా అమ్మ, అన్నీ ఒక్కసారిగా వచ్చి నా ఒళ్లో కూర్చున్నాయి. ఇల్లు చేరేదాకా షారోనుకు ఈ కథే చెప్పాను. కథ మొత్తం విని అది కొంగు బిగించింది. అంటే చున్నీ నడుముకు కట్టింది. నువ్వు కుర్చీలో కూర్చుని చెప్పు, నేను వండుతానంది. అది వండుతున్నంతసేపూ నాకు జ్ఞాపకం వచ్చినవి ఇవి.

మా బాపు గత్తరలో, అంటే కలరాలో, పోయాడు. ఆయన ముఖం నాకు గుర్తు లేదు. అమ్మ పేరు రత్నమ్మ. సురంగల్‌లో అవ్వ గుడిసెలో నన్ను దించి, కూలికి పోయి వచ్చేది. తరువాత మిషను బంగళాలో బోర్డింగు పిల్లలకు జొన్నగటక, పప్పు వండే పని దొరికింది. అక్కడే వంటింటి వెనక ఒక గది ఇచ్చారు. గది ఇచ్చారు కాబట్టి నన్ను బడిలో కూర్చోబెట్టారు. నా చదువంతా ఆ గది మీద ఆధారపడి ఉందని నాకు ఎనిమిదేళ్లకే తెలుసు. అమ్మ రోజుకోసారైనా చెప్పేది కాబట్టి తెలుసు. బంగళాలో ఇద్దరు అమెరికా దొరసానులుండేవాళ్లు. పెద్ద దొరసాని పొడుగ్గా, నిటారుగా ఉండేది. వంటింట్లోకి వస్తే తెల్ల చేతిగుడ్డతో గిన్నె అడుగు తుడిచి చూసేది, గుడ్డకు మసి అంటితే మాట్లాడకుండా అమ్మకు చూపించేది. చిన్న దొరసాని పొట్టిగా, ముఖం నిండా గోధుమరంగు మచ్చలతో, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నదానిలా ఉండేది. భాష నేర్పే మునుషీ దగ్గరా బైబిలు దగ్గరా నేర్చుకున్న తెలుగు కావడంతో, ఆమె నోరు విప్పితే పాతనిబంధన తెరిచినట్టే. కుక్కను కూడా "నీవు వెలుపలికి పొమ్ము" అనేది. బోర్డింగు పిల్లలం ఆమె చాటున ఒకరినొకరం పొమ్ము, రమ్ము అనుకుని నవ్వేవాళ్లం. దొరసానులకు వండిన పాత బట్లరు ముసలివాడై తన ఊరు వెళ్లిపోతే, ఇంకో బట్లరు దొరికేదాకా అని అమ్మను ఆ పొయ్యి దగ్గరికి మార్చారు. బంగళా వంటింట్లోకి అడుగు పెట్టాలంటే అమ్మ రోజూ స్నానం చేసి, ఉతికిన చీర మార్చుకోవాలి. మా గది వాసన, మా తిండి వాసన ఆ గడప దాటకూడదని పెద్ద దొరసాని నియమం. అమ్మ ఆ చీరను వాకిట్లో దండెం మీద విడిగా ఆరేసేది, నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.

రెండో ప్రపంచ లడాయి రోజులు. ఓడలు సరిగా రావడం లేదని, డబ్బాల్లో వచ్చే దొరల తిండి ఆగిపోయిందని పెద్దలు అనుకునేవాళ్లు. ఓడలైతే రాలేదుగానీ, వానలు వెళ్లిపోతున్న రోజుల్లో చిన్న దొరసానికి వాళ్లమ్మ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఎన్ని నెలలు తిరిగి వచ్చిందో, మూలలన్నీ నలిగిపోయాయి. అందులో మాత్రల పొట్లాల్లా రెండు కాగితం పొట్లాలు. దొరసాని వంటింటి అరుగు మీద కూర్చుని ఒకటి విప్పింది. నేను మీద పడి చూశాను. నల్లగా, గుండ్రంగా, చిన్న చిన్న గింజలు.

"ఆవాలు," అన్నాను నేను.

"కావు. ఇవి మా అమ్మ దొడ్డిలోని శల్గములు," అంది దొరసాని. "నేను ఈ ఆకును అడిగితిని. ఆమె పంపెను."

ఏడు సముద్రాల అవతలి నుంచి ఒక తల్లి బిడ్డకు ఏం పంపుతుందో అని ఊపిరి బిగబట్టి చూసినదాన్ని, గింజలు చూసి నీరుగారిపోయాను. గడ్డ కోసం కూడా కాదట, ఆకు కోసమట. అమ్మకు చెబితే నమ్మలేదు. బంగళా నిండా కోళ్లు, గుడ్లు, రొట్టెలు పెట్టుకుని ఆకు తింటారా, నువ్వు తప్పు విన్నావంది. ఆ ప్రశ్న మాత్రం నా కాలికి ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఒక పొట్లం వచ్చే ఏటికని దొరసాని దాచుకుంది. రెండోది దసరా వెళ్లాక వంటింటి వెనక రెండు మంచాలంత మడి చేసి చల్లింది. రోజూ బడికి పోయేముందు నేను వెళ్లి చూసేదాన్ని. నాలుగోనాడే మొలిచింది. ఆకు జానెడు పెరిగింది. దొరసాని సాయంత్రం ఆ మడి పక్కన పీట వేసుకుని కూర్చునేది. పురుగులు ఏరేది. ఒక్కోసారి వాళ్ల భాషలో ఆకుతో ఏదో అనేది. నాకు అంత సంతోషంగా ఆమె ఎప్పుడూ కనిపించలేదు.

చలి ముదిరిన రోజుల్లో ఇంకో ఉత్తరం వచ్చింది, దొరసాని చెల్లెలు రాసింది. వాళ్లమ్మ చనిపోయింది. ఇప్పుడు కాదు, ఎండాకాలంలోనే. గింజల పొట్లం ఇక్కడికి చేరేనాటికి దాన్ని మడిచిన చేతులు మట్టిలో ఉన్నాయి. ఈ మాట మాకు బడి పంతులమ్మ చెప్పింది. దొరసాని ఏడవలేదు. ఏడుస్తుందేమోనని కిటికీ సందులోంచి మూడు రోజులు కాపు కాశాను కాబట్టి చెబుతున్నాను. ఆమె ప్రార్థనకు వచ్చింది, పాఠం చెప్పింది. తినడం మాత్రం మానేసింది. అమ్మ పంపిన పళ్లెం పంపినట్టే తిరిగి వచ్చేది. కోడి పులుసు చేసింది, గుడ్లు చేసింది, పాత బట్లరు చేసే తియ్యటి వంటకం తిప్పలు పడి చేసింది. ఆకలి రుచెరుగదంటారు గానీ, ఆకలే లేనివాళ్లకు ఏ రుచి చూపించాలో అమ్మకు తెలియలేదు. పది రోజులకు దొరసాని గౌను భుజాల మీద నుంచి జారిపోతోంది. పెద్ద దొరసాని వంటింట్లోకి వచ్చి, ఈసారి చేతిగుడ్డ తియ్యకుండానే, పంతులమ్మ చేత చెప్పించింది. క్రిస్మస్ వెళ్లాక పట్నం నుంచి బట్లరు వస్తాడు, అప్పటికీ చిన్న దొరసాని తినకపోతే రత్నమ్మ సర్దుకోవచ్చు. బోర్డింగు వంటకు అప్పటికే వేరే ఆమెను పెట్టారు. అంటే గది పోతుంది, గదితో బడి పోతుంది. సురంగల్‌లో కలుపు తీతకు నా ఈడు పిల్లలు పోతూనే ఉన్నారు.

ఆ వారంలోనే ఒకరోజు చిన్న దొరసాని తనంతట తానే వంటింటికి వచ్చింది. "రత్నమ్మా, ఆ ఆకులను నీవు రేపు వండవలెను," అంది. ఎలా వండాలో ఆమె చెప్పలేదు. ఎలా వండాలని అమ్మ అడగలేదు. అడిగితే వంట రాదనుకుంటుందని అమ్మ భయం. ఆకు వండడం ఎవరైనా చెప్పాల్సిన సంగతా అని ఆమె నమ్మకం. అమ్మ సగం మడి కోసింది, మూడు నీళ్లు కడిగింది. ఆకు వగరుగా, చేదుగా ఉంది కాబట్టి మా ఇళ్లలో చేసినట్టే ఒక పొంగు ఉడికించి, కుండకు సిబ్బి అడ్డం పెట్టి, అన్నం వార్చినట్టు నీళ్లన్నీ వార్చేసింది. ఆ నీళ్లు పారబొయ్యమని నాకిచ్చింది. ఆకును పిండి, ఎల్లిపాయ కారం వేసి, ఇంగువ తాలింపు పెట్టింది. ఆ వాసనకు బడిలో పిల్లలు తలలు తిప్పారు. ఇంతకన్నా బాగా ఎవరూ చెయ్యలేరని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

నీళ్లు మాత్రం నేను వెంటనే పారబొయ్యలేదు. అరటి పాదు దగ్గర నిలబడి, రంగు చూసి, ఒక్క దోసెడు తాగాను. ఎందుకంటే చెప్పలేను. ఏ గిన్నె చూసినా అడుగు నాకే రోగం నాకు అప్పుడుండేది, ఇప్పుడూ ఉంది. మొదట చేదు. మింగాక నాలుక వెనక ఎక్కడో కొంచెం తీపి. ఆ తీపి ఎక్కణ్నుంచి వచ్చిందో తేల్చుకుందామని ఇంకో దోసెడు తాగి, మిగతాది అరటి చెట్టుకు పోశాను.

పళ్లెం పట్టుకుని అమ్మ, వెనకాల నేను. దొరసాని బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఉంది. చేతులు కడుక్కుని, జుట్టు దువ్వుకుని, ఎవరో చుట్టం వస్తున్నట్టు తయారై ఉంది. పళ్లెం చూసింది. చెంచాతో ఆకును ఒకసారి పక్కకు జరిపి, కింద ఏమైనా ఉందేమోనని చూసింది.

"నీళ్లు ఎక్కడ ఉన్నవి?"

"పారబోసినం దొరసాని," అంది అమ్మ.

దొరసాని ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. "ఇది కాదు," అని మెల్లగా అని, లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. కోపంగా అని ఉంటే బాగుండేది. అమ్మ ఆ పళ్లెం తెచ్చి వంటింటి మెట్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నీళ్లు తాగే మనుషులుంటారని ఎవరు అనుకుంటారే, అని నన్నే అడిగింది. ఊరందరిదొక తొవ్వ అయితె ఉలిపికట్టెదొక తొవ్వ, అంది. తరువాత ఏడ్చింది. మడిలో ఇంకా సగం ఆకు ఉంది, అడుగుదాం అన్నాను. అమ్మకు ధైర్యం లేదు. నాకు ధైర్యం సంగతి తెలియదు గానీ, ఆగలేనితనం ఉంది.

మర్నాడు సాయంత్రం దొరసాని మడి పక్కన పీట మీద కూర్చుంటే, వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "దొరసాని, నీళ్లు ఎందుకు?" అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా ముఖం చూసి, కూర్చుండుము అంది. అప్పుడు చెప్పింది. వాళ్ల ఊరు అమెరికాలో దక్షిణాన ఉందట. పత్తి పండే ఊరట. చెప్పులు చలికాలంలోనే వేసుకునేవాళ్లట. పొద్దున్నే వాళ్లమ్మ ఇనప కుండలో ఉప్పు పట్టించి పొగ పెట్టిన పంది ఎముక వేసి నీళ్లు కాచేదట. నీళ్లకు ఆ ఉప్పూ పొగా దిగాక ఆకు వేసి, మధ్యాహ్నం దాకా సన్నటి మంట మీద వదిలేసేదట. ఆకు నల్లబడి మెత్తబడి గుజ్జయ్యేదట. పిల్లలందరూ గిన్నెల్లో ఆ నీళ్లు పోయించుకుని, మొక్కజొన్న పిండితో చేసిన మక్క రొట్టె తుంచి ముంచుకుని తినేవాళ్లట. ఆకు పెద్దవాళ్లకు, నీళ్లు పిల్లలకు.

"మీరు పత్తి ఏరిన్రా?" అన్నాను. నాకు దొరసానులు బంగళాల్లోనే పుడతారని గట్టి నమ్మకం.

"ఏరితిని," అని చేతులు చూపించింది. గోళ్ల పక్కన సన్నటి తెల్ల గీతలు, మా అమ్మ చేతుల మీద ఉన్నవే. "ఈ వంట మా అమ్మది కాదు. మా పొలములో పని చేయు నల్లజాతి స్త్రీ మా అమ్మకు నేర్పెను."

"ఆమె గూడ మీతోనే తినేదా?"

"లేదు. ఆమె వంటింటి వెనుక మెట్ల మీద కూర్చుండి తినెడిది."

"మా అవ్వకు గూడ గట్లనే," అన్నాను. "దొర ఇంట్ల పనికి పోతె దొడ్లనే పెడ్తరు."

దొరసాని పురుగు పట్టిన ఆకు ఒకటి తెంపి, చేతిలోనే మడుస్తూ ఉండిపోయింది. నేను అనకూడని మాట ఏదో అన్నాననుకుని లేచి వచ్చేశాను.

చెప్పిందంతా పొల్లు పోకుండా అమ్మకు అప్పజెప్పాను. ఒక ముసలామె కుండలోని రుచిని, దాన్ని చిన్నప్పుడు తిన్న బిడ్డ తలుచుకుని చెబితే, అది విన్న ఎనిమిదేళ్ల పిల్ల మోసుకొచ్చి చెప్పే వంట. అమ్మ ఒక్కొక్కటీ పదిసార్లు అడిగింది. మక్కపిండి సరే, సురంగల్ నుంచి తెప్పించవచ్చు. నీళ్లు సరే. పంది ఎముక దగ్గర ఆగిపోయింది. పంది మాంసం దొరకవచ్చు గానీ, ఉప్పు పట్టించి పొగ పెట్టడం మా చుట్టుపక్కల ఎవరికి తెలుసు? బంగళాకు అది డబ్బాల్లోనే వచ్చేది, డబ్బాలు ఆగిపోయాయి. క్రిస్మస్‌కు ఇంకా అయిదు రోజులే ఉన్నాయి.

అప్పుడు మా అవ్వ దిగింది. అమ్మకు అమ్మ, పేరు బాలమ్మ. బాప్తిస్మం తీసుకున్ననాడు చుట్ట మానేసిన మనిషి, కానీ ముట్టించని చుట్ట ఒకటి పెదవుల మధ్య పెట్టుకుని తిరిగేది. ముట్టిస్తేనే గదా పాపం, అనేది. ప్రతి పండుగకూ మా కోసం కొంగులో మూట కట్టుకుని తునకలు తెచ్చేది. పెద్దకూరను, అంటే గొడ్డుమాంసాన్ని, సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండబెట్టి, తరువాత పొయ్యి మీద చూరుకు వేలాడదీసినవి. వానాకాలమంతా పొగ పట్టి నల్లగా, చెక్కలా అయ్యేవి. ఒక్క తునక వేస్తే కుండెడు చారుకు రుచి. మా ఇళ్లలో అదొక బంగారం. బయట మాత్రం ఆ పేరెత్తి మమ్మల్ని వెక్కిరించేవాళ్లు. బంగళా గడప దాటకూడని వాసనల్లో మొదటిది అదే.

అవ్వ అంతా విని, చుట్ట ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపింది. "ఉప్పు, పొగ గావాలె అన్నది గద ఆమె. ఉప్పు పొగంటె తునకనే గదనే."

"పెద్దకూర ఆ పొయ్యి మీద పెడితె బంగళల ఉంచుతరానె నన్ను?"

"ఉంచకుంటె ఎట్లనో పోతవు. పోయేటిదానివి జర సక్కగ వండి పో."

మర్నాడు పెద్ద దొరసాని ఎంకపల్లి ప్రార్థనకు బండి కట్టించుకుని పోయింది. అమ్మ స్నానం చేసింది. దండెం మీది మంచి చీర తీసి, చేతిలో పట్టుకుని నిలబడి, మళ్లీ అక్కడే వేసేసి, ఒంటి మీది పాత చీరతోనే వంటింట్లోకి నడిచింది. ఇనప కుండ లేదు కాబట్టి మా మట్టికుండ తెచ్చింది. నాలుగు తునకలు కడిగి వేసి నీళ్లు పోసింది. పత్తికట్టెతో మంట రాజేసి, నీళ్లు గోధుమరంగుకు తిరిగాక ఆకు వేసింది. ఒక ఉల్లిగడ్డ, రెండు ఎండుమిరపకాయలు. నేను ఆ తీపి సంగతి చెప్పాను. చేదు తరువాత వస్తుందే, ఆ తీపి. అమ్మ ఆలోచించి చిటికెడు బెల్లం వేసింది. తరువాత చెయ్యాల్సిందేమీ లేదు, చూస్తూ కూర్చోవడమే. అది అమ్మకు చేతకాలేదు. ఆకుకూర అంతసేపు పొయ్యి మీద ఉంటే ఆమె చేతులు ఊరుకోలేదు. గరిటె పట్టుకుని లేచేది, అవ్వ కూర్చోబెట్టేది. "ఇంతసేపు ఉడికిస్తే ఆకేం మిగుల్తదే?" అనేది అమ్మ. "నీకెందుకే, ఆమెకు గావలసింది ఆకు గాదు." ఎండ మెట్ల మీదికి వచ్చేసరికి, బంగళా వంటింట్లో మా గుడిసె వాసన గుప్పుమంటోంది. పొగ, ఉప్పు, ఎండిన మాంసం. ఇక దాచడానికి ఏమీ లేదు.

పళ్లెం తీసుకెళ్లే అవసరం రాలేదు. వాసన పట్టుకుని చిన్న దొరసానే వంటింటి తలుపు దగ్గర నిలబడింది. కుండ చూసింది, అందులో పైకి తేలిన నల్లటి తునక చూసింది.

"ఇది ఏమి మాంసము?"

అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. అవ్వే చెప్పింది. "పెద్దకూర దొరసాని. మేం తినేటిది. ఎండవెట్టి, పొగవెట్టినం. మీ అసొంటిది దొరకలే."

దొరసాని గిన్నె తీసుకుని తానే నీళ్లు వంచుకుంది. ఆకు కొంచెం, తునక ఒకటి వేసుకుంది. మక్క రొట్టె చేతిలో పట్టుకుని, బల్ల దగ్గరికి వెళ్లకుండా, వంటింటి వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లి, అవ్వ పక్కన మెట్ల మీద కూర్చుంది. రొట్టె తుంచింది, ముంచింది, తిన్నది. అమ్మ గడప మీద, నేను అమ్మ వెనక. మేము ముగ్గురం ఆమె గొంతు వైపే చూస్తున్నాం. రెండో ముక్క తిన్నాక కళ్ల నుంచి నీళ్లు ధారగా కారిపోయాయి. తుడుచుకోలేదు. గిన్నె ఎత్తి మిగిలిన నీళ్లు చివరిదాకా తాగి, తల తిప్పి అమ్మను చూసి, "ఇదే," అంది.

"ఇంకా ఉన్నదా?" అని గిన్నె చాపింది.

పట్నం బట్లరు రాలేదు. పెద్ద దొరసానికి ఆ వాసన సంగతి తెలియకుండా ఉండే అవకాశం లేదు, వంటింటి గోడలకే పట్టింది. కానీ ఆమె చేతిగుడ్డ తియ్యలేదు, చిన్న దొరసాని గౌను భుజాల మీద నిలబడడం చూసి ఊరుకుంది. అమ్మ ఆ వంటింట్లో, బంగళా మూసేదాకా ఉంది. నేను అక్కడే చదివి పంతులమ్మనయ్యాను. ఆ మడిలో గడ్డలు మిగిలాయి గానీ పూత రాలేదు, గింజ కట్టలేదు. మా ఎండకు దానికి పూయాలనే బుద్ధి పుట్టలేదేమో. దాచుకున్న రెండో పొట్లం మరుసటి ఏడు చల్లితే, వానకు చెమ్మ తగిలిందో ఏమో, ఒక్కటీ మొలవలేదు. ఆ తల్లి పంపిన గింజల ఆకుతో ఈ నేల మీద వండింది రెండే కుండలు. అందులో ఒకదాని నీళ్లు రెండు దోసిళ్లు నేను తాగి, మిగతావి అరటి చెట్టుకు పోశాను.

పెద్దయ్యాక నాకొక అనుమానం మొదలైంది. పంది వేరు, పెద్దకూర వేరు. పొగకూ పొగకూ తేడా ఉంటుంది. మా పసుపు, మా బెల్లం, మా మట్టికుండ. ఆమె చిన్నప్పటి రుచి నిజంగా అందులో ఎలా వచ్చి ఉంటుంది? వచ్చిందా, లేక గడప మీద చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి అలా అందా? అమ్మ చివరి రోజుల్లో ఒకసారి అడిగాను. "తాగింది గద," అంది. మళ్లీ తనే, "ఆ మాట అనేటప్పుడు నన్ను సూసి అన్నది బిడ్డా. గిన్నెను సూసి అనలే," అంది. అందులో ఏముందో నాకు విడమర్చి చెప్పలేదు. చెప్పగలిగితే దొరసానే చెప్పాలి. ఆమె స్వదేశం వెళ్లాక రెండు మూడు ఉత్తరాలు రాసింది, వాటిలో పిల్లల చదువులు, వానలు ఉన్నాయి గానీ ఈ సంగతి లేదు. నేనూ జవాబుల్లో అడగలేదు. అడగాల్సినవాళ్లు ఉన్నప్పుడు నాకు వేరే పనులుండేవి. ఇప్పుడు పనులు లేవు, వాళ్లూ లేరు.

ఇప్పుడు మా చేవెళ్ల ఇంట్లో గ్యాసు పొయ్యి, స్టీలు గిన్నె. తునకలు వేలాడదీయడానికి చూరే లేదు, పైన స్లాబు. షారోను ఫ్రిజ్‌లోని కోడి ముక్కలు ఉప్పు రాసి పెనం మీద మాడబెట్టి వేసింది. పొగ వాసన కావాలన్నావు గదా అవ్వా, అంది. అంగడి శల్గం ఏ దేశం గింజో, ఏ మందు కొట్టిన చేనో. మధ్యాహ్నం దాకా ఉడికించే ఓపిక గ్యాసు మీద ఎవరికుంటుంది, అయినా రెండు గంటలు ఉడికించింది. మధ్యలో గరిటె పట్టుకుని నాలుగుసార్లు లేచింది. నేను నాలుగుసార్లూ కూర్చోబెట్టాను. ఒక్క చుక్క నీళ్లు పారబొయ్యలేదు. మక్కపిండి కోసం రెండు దుకాణాలు తిరిగి వచ్చి, రొట్టె తట్టి, ఒక పక్క మాడ్చి, గిన్నె నా చేతికిచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. నుదుటి మీద చెమట, బుగ్గకు పిండి. పరీక్ష రాసి వచ్చిన పిల్లలా నా గొంతు వైపే చూస్తోంది.

రొట్టె ముంచి తిన్నాను. కోడి వాసన. మాడు వాసన. తునక లేదు, పత్తికట్టె పొగ లేదు, మట్టి లేదు. చేదు సరిగ్గానే వచ్చింది. మింగాక నాలుక వెనక ఆ తీపి కోసం వెతికాను. ఉందో, ఉందనుకుంటున్నానో చెప్పలేను. ఇంకో గుక్క తాగాను. 'ఇది కాదు' అన్న మాట నాలుక కొస దాకా వచ్చి నిలబడింది.

"గిదేనా అవ్వా?" అంది షారోను.

గిన్నె దించి, దాని ముఖం చూశాను.

"గిదే బిడ్డా," అన్నాను. "ఇంకా ఉన్నదా?"